టర్బో విప్పని మేస్త్రి

డీజిల్ బండికి పికప్ తగ్గితే నింద ముందు టర్బో మీద పడుతుంది. ఖరీదైన సామాను, చేతికి అందని మూల ఉంటుంది, పేరు కూడా గంభీరం. స్కానర్ తగిలిస్తే పి0299 అని కోడ్ వస్తుంది. కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి ఇంజిన్‌కు అందలేదని దానర్థం. ఎందుకు అందలేదన్నది ఆ కోడ్‌లో ఉండదు. అయినా చాలా షెడ్లలో ఆ ఒక్క కోడ్‌తోనే పాత టర్బో కిందికి, కొత్తది పైకి. నెల తిరక్కుండా బండి మళ్లీ అదే షెడ్డు ముందు ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే సందడికి కాస్త ఎడంగా, ఒక రేకుల షెడ్డులో పనిచేసే మేస్త్రి ఈ తొందరకు పూర్తిగా ఎదురు మనిషి. ఆయన పని చూడాలంటే ఓపిక కావాలి, ఎందుకంటే మొదటి అరగంట స్పానర్ పట్టుకోడు.

నేను చూసిన బండి బాగా తిరిగిన పాత టాక్సీ. డ్రైవర్ కుర్రాడు దిగీ దిగగానే, "ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కట్లేదండీ, వెనక నల్ల పొగ. టర్బో పోయిందంట," అన్నాడు.

"ఎవరన్నారయ్యా?"

"స్కానర్లో వచ్చిందంటండి."

"స్కానర్ సంగతి తర్వాత. ఉన్నట్టుండి తగ్గిందా, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చిందా? మూడో గేర్లో తొక్కితే బుస్సుమంటుందా, సైరన్ లాగా కూస్తుందా?"

ఈ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. మెల్లగా తగ్గితే మసి పేరుకుందనో, ఏదో దారి పూడుతోందనో అనుకోవాలి. కూత పెరుగుతూ పోతే బేరింగు మీద అనుమానం. ఉన్నట్టుండి తగ్గి, బుస్సుమంటే గాలి మధ్యదారిలో పోతోంది. కుర్రాడి జవాబు మూడోది. అయినా మేస్త్రి గొట్టాల జోలికి వెళ్లలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌లో గాలి ఒత్తిడి అంకె చూశాడు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ సెన్సర్ బయటి వాతావరణాన్నే చూపాలి. విజయవాడలో అది 100 కిలోపాస్కళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అదే సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాదులో 95 చూపినా సెన్సర్ మంచిదే. ఇక్కడ 95 చూపితే మాత్రం సెన్సర్‌నే నిలదీయాలి. సాక్షి నిజం చెబుతున్నాడో లేదో తేల్చుకున్నాకే సాక్ష్యం వింటాడన్నమాట. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను ఎంతమంది చేస్తారో నాకు అనుమానమే.

టర్బో నడిచే తీరు రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. సిలిండర్లలోంచి తన్నుకొచ్చే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంటర్‌కూలర్ మీదుగా ఇంజిన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లోనే పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర.

ఈ బండి టర్బోలో పొగ దారిని వెడల్పు చేసే, ఇరుకు చేసే రెక్కలున్నాయి. వాటిని కదిపేది వాక్యూమ్‌తో పనిచేసే యాక్చువేటర్. మేస్త్రి దాని సన్న గొట్టం ఊడదీసి, చేతి పంపు తగిలించి మెల్లగా లాగాడు. కడ్డీ ఎక్కడా పట్టేయకుండా జారింది, వదిలితే అంతే మెత్తగా వెనక్కి వచ్చింది. మళ్లీ లాగి పట్టి, పంపు మీది ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు. ముల్లు దిగలేదు. లోపలి పొర చిరగలేదు, రెక్కలకు మసి పట్టలేదు. టర్బో మీద మోపిన నేరం సగం అక్కడే వీగిపోయింది.

ఆ తర్వాత ఆయన సొంత పనిముట్టు బయటికి వచ్చింది: పీవీసీ పైపు మూత, దాని నడుమ బిగించిన టైరు వాల్వు. ఫిల్టర్ గొట్టం తీసి, టర్బో నోటికి ఆ మూత బిగించి, కంప్రెసర్ గాలి పెట్టాడు. రెగ్యులేటర్ ఒక బార్ దాటనివ్వలేదు. "ఎక్కువ పెడితే లేని లీకులు మనమే పుట్టిస్తాం," అన్నాడు. పంక్చర్ షాపువాడు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ తొట్టిని బండి దగ్గరికి తేవాలి. సబ్బునీళ్లు గొట్టాల పొడవునా పోశాడు. ఇంజిన్ లోపలికి కొంత గాలి ఎలాగూ జారి సన్నగా చప్పుడు చేస్తుంది. దాన్ని పక్కనబెట్టి మిగతాది వినాలి. ఎక్కడా బుడగ లేదు.

నాకైతే పరీక్ష అయిపోయినట్టే అనిపించింది. ఆయన మాత్రం చిన్న అద్దం ముక్క తీసి ఇంటర్‌కూలర్ నుంచి పైకొచ్చే గొట్టం అడుగు చూశాడు. అక్కడ అరచేతి మేర దుమ్ము నల్లగా అంటుకుని ఉంది. ఇంజిన్ ఆవిరితో వచ్చే ఆయిల్ తడి ఈ గొట్టాల లోపల ఉండటం మామూలే. అది బయటికి వచ్చి దుమ్మును పట్టుకుందంటే దారి ఉన్నట్టే. కుర్రాణ్ణి పిలిచి, కర్ర దుంగ ఆసరాగా ఇంజిన్‌ను వెనక్కి వంచమన్నాడు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ ఒరిగే తీరు అది. వంచగానే గొట్టం అడుగున మూసుకుని ఉన్న చీలిక నోరు తెరిచింది, నురగ కారింది. దుంగ వదిలితే మళ్లీ మూసుకుంది. షెడ్డులో నిలబడి ఉన్న బండికి జబ్బు లేదు, లోడు మీద పరుగెత్తే బండికే ఉంది. నల్ల పొగ సంగతీ తేలిపోయింది: లోపలికి వెళ్లే గాలిని కొలిచే మీటరు లెక్కగట్టిన గాలి దారిలో తగ్గిపోతే, ఆ లెక్కన పోసిన డీజిలు కాలక మసి అవుతుంది.

దోషి దొరికాక కూడా టర్బో నోట్లో వేలు పెట్టి ఇరుసును కదిపి చూశాడు. పక్కలకు కాస్త కదలొచ్చు, అది ఆయిల్ నిండాల్సిన చోటు. ముందుకీ వెనక్కీ మాత్రం చేతికి తెలిసేంత కదలకూడదు. కదల్లేదు. గాలి చక్రం రెక్కల అంచులు గోడను రాసిన గుర్తూ లేదు.

నిజంగా టర్బో పోయిన బండ్లూ వస్తాయి. అప్పుడు కూడా ఆయన చూపు ముందు దాన్ని చంపినవాడి కోసమే వెతుకుతుంది. ఆయిల్ తెచ్చే సన్న పైపులో బొగ్గు కట్టిందా, ఆయిల్ తిరిగిపోయే పైపు పూడిందా, ఫిల్టర్ చినిగి దుమ్ము రెక్కల్ని కొరికిందా తేలకుండా కొత్తది ఎక్కించడు. ఆయిల్ పైపుల దగ్గర సీలెంట్ రాయనివ్వడు. దాని తునక ఒకటి ఊడి పైపులో అడ్డం పడితే చాలు. ఆయిల్ రంధ్రంలో నూనె పోసి, చక్రాన్ని చేత్తో తిప్పి, ఇంజిన్ అంటుకోకుండా సెల్ఫ్ కొట్టి, కింది పైపులోంచి నూనె కారడం చూశాకే స్టార్ట్ చేయిస్తాడు. లోపలి ఇరుసు బ్యాలెన్సింగ్ మాత్రం తన చేతిలో పని కాదని, యంత్రం ఉన్నచోటికి పంపుతాడు. ఈ ఒప్పుకోలు కూడా నాకు పనితనంలో భాగంగానే కనపడింది.

గొట్టం మారింది, క్లిప్పులు కొత్తవి పడ్డాయి. కుర్రాడు డబ్బులు తీయబోతుంటే మేస్త్రి మళ్లీ దుంగ అందుకుని ఇంజిన్‌ను ఊపాడు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు తెగి ఉంది. ఇంజిన్ అదుపు లేకుండా ఒరిగిన ప్రతిసారీ గొట్టాన్ని లాగుతూ వచ్చింది, అందుకే చీలింది.

"అది వచ్చే నెల వేయిద్దామండీ."

"అయితే ఈ గొట్టం కూడా వచ్చే నెలే వేయించుకో," అంటూ జాకీ కిందికి తోశాడు.