గేదె నల్లగా రావాలి

2013 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు కోఠిలో నా మొదటి డిజిటల్ కెమెరా కొన్నాను. నికాన్ డి3200, దాంతోపాటే ఇచ్చే 18-55 లెన్సు. ఆ రాత్రే బస్సెక్కి గుంటూరు జిల్లాలోని మా ఊరు చేరాను. తెల్లారేసరికి గొడ్ల చావిడి ముందు మా గేదె కట్టేసి ఉంది. అప్పుడే కడిగారు కాబోలు, వీపు మీద నీళ్లు మెరుస్తున్నాయి. నిగనిగలాడే నలుపు దానిది. దగ్గరికి వెళ్లి, ఫ్రేము నిండా అదే ఉండేట్టు చూసుకుని మీట నొక్కాను. తెర మీద గేదె బూడిదరంగులో కనిపించింది. మూలన కాస్త కనిపిస్తున్న సున్నపు గోడ ఉత్త తెల్లకాగితంలా తేలిపోయింది.

ఇంకో నాలుగు తీశాను. నాలుగూ అంతే. పెరట్లోకి వెళ్తే దండెం మీద నాన్న పంచె ఆరేసి ఉంది. మల్లెపువ్వులాంటి పంచె. దాన్నీ ఫ్రేము నిండా తీశాను. అది మాసిన గుడ్డలా వచ్చింది. రెండు ఫొటోలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూస్తే గేదె రంగు, పంచె రంగు ఇంచుమించు ఒకటే.

కెమెరా పాడైందనుకుని రెండు రోజులు దిగులుపడ్డాను. పాడు కాలేదు. అది తన పని తాను సరిగ్గానే చేసింది. కెమెరాకు గేదె అంటే ఏమిటో, పంచె అంటే ఏమిటో తెలియదు. ఎదుటి నుంచి ఎంత వెలుగు వచ్చిందన్న లెక్క ఒక్కటే దానికి తెలుసు. ఎదుట ఏది ఉన్నా, సగటున అది నడిమి బూడిదరంగే అయి ఉంటుందని దాని నమ్మకం. తన మీద పడిన వెలుగులో దాదాపు 18 శాతం తిప్పి పంపే రంగు అది. గేదె ఎదురైతే, ఇక్కడ వెలుగు తక్కువగా ఉందనుకుని ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. పంచె ఎదురైతే ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. ఆకూ అలమూ, మట్టిరోడ్లూ, జనసమ్మర్దం ఉన్నచోట ఈ లెక్క బాగానే కుదురుతుంది. నలుపు దగ్గర, తెలుపు దగ్గర తప్పుతుంది.

దానికి మందు కూడా కెమెరా మీదే ఉంది. మీట పక్కన ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న బొత్తాం. మైనస్ 1 పెడితే, కెమెరా తాను తీసుకోవాలనుకున్న వెలుగులో సగమే తీసుకుంటుంది. ప్లస్ 1 పెడితే రెండింతలు. మూడోరోజు పొద్దున మైనస్ 1 పెట్టి తీస్తే గేదె గేదెలా వచ్చింది. ప్లస్ 1 పెడితే పంచె తెల్లబడింది. ఫొటోగ్రఫీలో నాకు అబ్బిన మొదటి విద్య అదే. మొదలుపెట్టేవారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిందీ అదేనని నా అభిప్రాయం. ఎదుట ఉన్నది నలుపో తెలుపో మన కళ్లతో మనం చూసి, కెమెరాకు చెప్పాలి.

మిగతా లెక్కలు నాకు చెరువు తూముతో అర్థమయ్యాయి. తూము ఎంత వెడల్పు తెరిచామన్నది అపెర్చరు, ఎంతసేపు తెరిచి ఉంచామన్నది షట్టర్ స్పీడు. వెడల్పు తగ్గిస్తే ఎక్కువసేపు తెరవాలి, పొలానికి చేరే నీళ్లు అవే. అపెర్చరు అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవడం మొదట్లో తికమక పెడుతుంది. లెన్సు ఫోకల్ లెంగ్తును ఆ అంకెతో భాగిస్తే రంధ్రం వెడల్పు వస్తుందని తెలిస్తే ఆ తికమక పోతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 2 దగ్గర రంధ్రం 25 మిల్లీమీటర్లు, 8 దగ్గర 6 మిల్లీమీటర్ల పైచిలుకు. అందిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్‌ఓ సంగతి వేరు. అది పెంచితే పొలంలోకి కొత్త నీళ్లు రావు, ఉన్న కాసినీ పెద్దవిగా కనిపిస్తాయి. చీకట్లో తీసిన ఫొటోలు ఇసుక చల్లినట్టు ఉండేది అందుకే. ఇదంతా పుస్తకం చదివితే గంటలో తెలుస్తుంది, చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది.

నలభై దాటాక మొదలుపెట్టాను కాబట్టి, ఆలస్యమైపోయిందన్న బెంగ ఉండేది. లాలా దీన్ దయాళ్ గురించి చదివాక అది కొంత తగ్గింది. ఆయన 1844లో పుట్టారు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ 1874లో, ముప్పై ఏళ్ల వయసులో కెమెరా చేతపట్టారు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, రాజా బిరుదు అందుకున్నారు. ఆయన కెమెరాలో వెలుగును కొలిచే యంత్రం ఏదీ లేదు. ఎంతసేపు తెరవాలో కంటితో చూసి, అనుభవంతో నిర్ణయించుకోవలసిందే. ఆయన తీసిన దర్బారు మనుషుల ముఖాలు చూడండి. చామనచాయ చామనచాయగానే ఉంటుంది, నలుపు నలుపుగానే ఉంటుంది.

మా ఊళ్లో ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన పెద్దాయన ఉన్నారు. కెమెరా కొన్న ఏడాదే ఉగాదికి దాన్ని తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. కెమెరా వంక ఆయన పెద్దగా చూడలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, వీధిలో వెళ్లేవాళ్లను చూడమన్నారు. "ముక్కు నీడ ఎటు పడిందో చూడు బాబూ. మనిషి ఎక్కడికీ పోడు. ముందు వెలుగు ఎటునుంచి వస్తుందో చూసుకో." గంటసేపు ముక్కుల నీడలే చూశాను. నడివీధిలో ఎండ నెత్తిన పడితే కళ్లు గుంటలైపోతున్నాయి. అదే మనిషి చూరు కిందికి రాగానే, వీధి మీద పడి తిరిగొచ్చిన వెలుగుకు ముఖమంతా విచ్చుకుంటోంది. తెలుగువాళ్ల పాత ఇళ్లలో అరుగును మించిన స్టూడియో లేదు. అది లేకపోతే వీధిగుమ్మం, అదీ లేకపోతే కిటికీ.

ఆయన్నే ఇంకో మాట అడిగాను. మా అమ్మ పెళ్లిచూపులకు పంపిన ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. 1971లో పక్క టౌనులో ఎవరో తీసింది. అందులో ఉన్నది అమ్మ అని ఎవరైనా చెబితే తప్ప నాకు చిన్నప్పుడు తెలిసేది కాదు. అమ్మ నలుపు. ఫొటోలో ముఖం పాలరాతి బొమ్మలా ఉంటుంది, బుగ్గల ఎముకలు లేవు, నుదుటి మీది మచ్చ లేదు. పెద్దాయన ఫొటోను వెలుగుకు పెట్టి చూసి, పెన్సిల్ పని అన్నారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దితే, దిద్దినచోట ప్రింటులో తెలుపు తేలుతుంది. టచింగ్ అనేవారు దాన్ని. "నేనూ చేశాను బాబూ. పిల్ల తెల్లగా రాకపోతే ఫొటో తిప్పి పంపేవాళ్లు. తల్లులే వచ్చి అడిగేవాళ్లు." ఆయన ఆ మాట తల వంచుకుని చెప్పారు.

ఇది మన టౌనుల్లో మొదలైన జబ్బేం కాదు. కోడాక్ కంపెనీ కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి బొమ్మ, పేరు షెర్లీ కార్డు. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు. నల్లటి ముఖాలు ఆ ఫిల్ములో మసిలా కలిసిపోయేవి. చాక్లెట్లు అమ్మేవాళ్లు, చెక్క సామాను అమ్మేవాళ్లు తమ సరుకులో తేడాలు ఫొటోల్లో తెలియడం లేదని మొత్తుకున్నాక ఫిల్ము బాగుపడిందని అక్కడ పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. అన్నేళ్లుగా నల్లనివాళ్ల ముఖాలు అలా వస్తున్నా సరిపోయింది, చెక్క బల్లల దగ్గరికి వచ్చేసరికి సరిపోలేదు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇప్పుడు ఆ పెన్సిల్ ఫోనుల్లోకి ఎక్కింది. బ్యూటీ మోడ్ అని పేరు పెట్టుకుంది, అడక్కుండానే ముఖాలకు సున్నం కొడుతోంది. నలుపు నాణ్యం అంటూనే పిల్లల చేత ఆ మోడ్ ఆన్ చేయిస్తున్నాం.

పెద్దాయన్ను కలిసిన ఆ వేసవిలో ఒక సాయంత్రం అమ్మను అరుగు మీద కూర్చోమన్నాను. ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. "పౌడరు రాసుకురానా?" అంది. వద్దన్నాను. ఫ్లాష్ తీసేశాను. ఫ్లాష్ నుదుటి మీద తెల్లటి మెరుపు పెట్టి ముఖాన్ని పలకలా చదును చేస్తుంది. వెలుగు ఒక పక్కనుంచి పడేట్టు ఆమెను కొంచెం వీధివైపు తిప్పాను. కెమెరా ఆమె బుగ్గను మాత్రమే కొలిచేట్టు స్పాట్ మీటరింగ్ పెట్టి, మైనస్ వైపు మూడింట రెండు వంతులు జరిపాను. పెద్ద పనేమీ కాదు, చక్రాన్ని రెండు పళ్లు తిప్పడమే. ఆ రెండు పళ్లు తిప్పకపోతే ఆమెను కూడా కెమెరా గేదెకు చేసినట్టే బూడిద చేసేది.

తెర చూపించాను. అమ్మ చాలాసేపు చూసింది. "ఇదేందిరా, మా అమ్మలా ఉన్నాను" అంది. మా అమ్మమ్మకు ఫొటో లేదు. ఆమె ఎలా ఉండేదో నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఫొటో ప్రింటు తీయించి, 1971 ఫొటో పక్కన గోడకు పెట్టాను. రెంటినీ ఉంచమని అమ్మే అంది.

కెమెరా కొత్తగా కొన్నవాళ్లు, కొనలేక ఫోనుతో తీసేవాళ్లు ఎవరైనా ఈ ఆదివారం ఒక పని చేయండి. అమ్మనో నాన్ననో అమ్మమ్మనో వీధిగుమ్మం దగ్గర నీడపట్టున కూర్చోబెట్టండి. ఫ్లాష్ ఆపండి, బ్యూటీ మోడ్ తీసేయండి. ఫోనయితే ముఖం మీద వేలితో తట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరపండి. వాళ్ల రంగు వాళ్లకు వచ్చేదాకా తీయండి. బాగా వచ్చినది ఒక్కటి ప్రింటు వేయించి, వెనకాల పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి.