సూది వద్దని చెప్పేదెవరు?

ఉచిత వైద్య శిబిరాల మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఫ్లెక్సీలు, శాలువాలు, పొడుగాటి లైను, కవరు నిండా బీకాంప్లెక్స్ గోళీలు. పొద్దు గూకేసరికి కార్లన్నీ హైదరాబాద్ దారి పడతాయి. మళ్లీ ఏడాది దాకా ఊరి బీపీ ఊరిదే, ఊరి షుగరు ఊరిదే. అందుకే నల్లమల అంచున ఉన్న లింగాలకు అమెరికా డాక్టర్లు వస్తున్నారు, వచ్చి చూడమని ఈ వారం పిలిస్తే మూలుగుతూనే బయల్దేరాను.

ఆ డాక్టర్లలో ఒకాయన నా కోపానికి అడ్డం పడ్డాడు. పాలమూరు బిడ్డే, పిల్లల డాక్టరు. తన కుర్చీ పక్కన ఇంకో రెండు వేయించుకున్నాడు. ఒకదాంట్లో పక్క ఊరి ఆరెంపీ, అంటే డిగ్రీ లేని ఊరి వైద్యుడు; ఇంకోదాంట్లో ఆశా కార్యకర్త. ఏడాదిన్నర పిల్లోణ్ణి ఒళ్లో వేసుకుని ఒక అవ్వ వచ్చింది. దగ్గు, జ్వరం. డాక్టరు స్టెతస్కోపు ముట్టుకోలేదు. పిల్లోడి అంగీ పైకెత్తి, చేతి గడియారం విప్పి ఆరెంపీకి ఇచ్చాడు. “ఏడవనప్పుడే చూడాలన్నా, పొట్ట లేచినప్పుడల్లా ఒకటి.” ఆరెంపీ అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయబోతే ఆపాడు. నిమిషం నిండాల్సిందే, పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా నడవదు. మళ్లీ మొదలు. 34 వచ్చింది.

ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాదిలోపు వాళ్లకు 50. అక్కడికి చేరిందంటే న్యుమోనియా అని అనుమానించాలి. డొక్కలెగరేస్తున్నా, పాలు పట్టకపోయినా లెక్కలతో పనిలేదు, వెంటనే బండెక్కించి పెద్దాస్పత్రికి పంపాలి. ఈ పిల్లోడికి అవేవీ లేవు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, తాగడానికి ఎక్కువసార్లు ఇయ్యమన్నాడు. అంతే.

చూస్తుంటే నా పాత పాట మళ్లీ నోటికొచ్చింది: డాక్టర్లు వైద్యం చేసి పోవద్దు, నేర్పి పోవాలి. మనకిది కొత్తేమీ కాదు. కమ్యూనిస్టు నేత సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడుపుతూ ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు వైద్యం నేర్పి మళ్లీ ఊళ్లకే పంపాడు. పల్లెకు ఎంబీబీఎస్ రాడని తేలిపోయాక, ఉండేవాడికే చదువు చెబుదామన్న తెగింపు అది. 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగొచ్చిన మనిషే. ఆ సంస్థ పల్లె యువతకు ఏడాది శిక్షణ ఇచ్చి కంటి పరీక్ష వాళ్ల చేతుల్లో పెట్టింది. వైఎస్ హయాంలో సర్కారే ఆరెంపీలను కమ్యూనిటీ పారామెడిక్స్ చేస్తానని తరగతులు పెట్టింది, తర్వాత అది అటకెక్కింది. ఇప్పుడు వాళ్ల గుమ్మంలోకి పాఠం రావట్లేదు, మెడికల్ కౌన్సిల్ దాడులు వస్తున్నాయి. దాడులు తప్పని నేననను. స్టెరాయిడ్లు ఎక్కించేవాణ్ణి వెనకేసుకు రాలేం. కానీ లింగాల మండలంలో అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల్ లాంటి చెంచు పెంటలు నల్లమల లోపల ఎక్కడో ఉన్నాయి. అడవి అంచున ఉన్న ఊళ్లలో కూడా అర్ధరాత్రి పిల్లోడికి ఒళ్లు కాలితే కొట్టే తలుపు ఆరెంపీదే. ఆ తలుపు మూసేశాక ఏ తలుపు కొట్టాలో చెప్పే జీవో నాకింకా కనబడలేదు.

నేర్పాలన్న ఈ వాదానికి నా దగ్గర ఒక రుజువుంది. పశ్చిమ బెంగాల్ బీర్భూం జిల్లాలో లివర్ ఫౌండేషన్ డాక్టర్లు ఇలాంటి ఊరి వైద్యులకు తొమ్మిది నెలలు పాఠాలు చెప్పారు. ఆర్థికవేత్తలు జిష్ణు దాస్, అభిజిత్ బెనర్జీ వాళ్లు 304 మందిలో సగం మందికి శిక్షణ ఇప్పించి, తర్వాత రోగుల వేషంలో మనుషుల్ని పంపి పరీక్షించారు. ఆ అధ్యయనం 2016లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. నేర్చుకున్నవాళ్లు రోగాన్ని సరిగ్గా చూడటంలో మెరుగయ్యారు, సర్కారు దవాఖానా డాక్టర్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. వాదన గెలిచినట్టే. కాకపోతే అదే పేజీల్లో ఇంకో ముక్క ఉంది, నేను సభల్లో దాన్ని చదవను. అక్కర్లేని మందులు, యాంటీబయాటిక్స్ ఇవ్వడం మాత్రం శిక్షణతో తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో లింగాలలో ఆ అవ్వ చెప్పింది. చీటీ చూసి, “సూది ఎయ్యరా సారూ? గీ గోళీకే గింత దూరమొచ్చిన్నా?” అంది. డాక్టరు నవ్వి, పిల్లోడి ఊపిరి మళ్లీ చూపించి, సూది ఎందుకు వద్దో చెప్పాడు. అవ్వ గొణుక్కుంటూనే లేచింది, కానీ లేచింది. ఆరెంపీ నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: “ఆయన జెప్తే ఇన్నది సార్. నేను జెప్తే పైసలియ్యది, ఇంకో డాక్టరు కాడికి పోతది.”

ఊపిరి లెక్కపెట్టడం మధ్యాహ్నంలోపే వచ్చేసింది అతనికి. లెక్కపెట్టాక చేతులు ముడుచుకుని కూర్చోవడం ఏ తరగతిలో వస్తుంది? సూదికి డబ్బులిస్తాం, సలహాకు ఎవరిస్తాం? నేనైనా జలుబుకు గోళీ రాయని డాక్టరు దగ్గరికి రెండోసారి పోను. తలుపులేసి చెప్పే పాఠాలు ఆరెంపీని మార్చగలవు, బయట బల్ల మీద కూర్చున్న మమ్మల్ని కాదు. ఆ పని చేయగలిగింది నేను ఇన్నేళ్లు తిట్టిన శిబిరమే. అమెరికా డాక్టరు నలుగురి ముందు “సూది అక్కర్లేదు, నీ ఊరి డాక్టరు సరిగ్గానే లెక్కపెట్టిండు” అంటే, ఆ మాట మీద రేపు ఆరెంపీ నిలబడొచ్చు.

కాబట్టి నిర్వాహకులకు ఒకటే మనవి. శాలువాల ఖర్చు తగ్గించి ప్రతి డాక్టరు పక్కన రెండు కుర్చీలు ఎక్కువ వేయండి, మైకు సన్మానాలకు కాక ఆ బల్ల దగ్గర పెట్టండి. వచ్చే ఏడు కొత్త మండలం వెతక్కండి. దగ్గులు, జ్వరాలు ముసిరే వానాకాలంలో, ఇదే ఊరికి, వీలైతే ఇదే డాక్టరును తీసుకురండి.