మూడు కోట్ల మాటలు ఎవరు మాట్లాడాలి?

డేనా సస్కిండ్ రాసిన 'థర్టీ మిలియన్ వర్డ్స్' 2015లో వచ్చింది. నా చేతికి అందేసరికి మా అమ్మాయికి ఏడో ఏడు నడుస్తోంది. అప్పటికే నా గొంతు బొంగురుపోయింది, ఇంట్లోనూ వాడలోనూ వాగుడుకాయనని పేరొచ్చింది. ఈ పుస్తకం ముందే దొరికుంటే ఎంత బాగుండేదో అంది నాతోపాటు థెరపీకి వచ్చిన ఒక తల్లి. నాకు మాత్రం దొరక్కపోవడమే మేలైందనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

సస్కిండ్ చికాగో విశ్వవిద్యాలయంలో చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేసే సర్జన్. ఇంచుమించు ఒకే వయసులో తన దగ్గర ఆపరేషన్ అయిన ఇద్దరు పిల్లల కథతో ఆమె మొదలుపెడతారు. మూడో తరగతికొచ్చేసరికి ఒకరు తోటిపిల్లలతో సమానంగా చదువుతున్నారు, ఇంకొకరు చాలా వెనకబడిపోయారు. చేసిన చెయ్యి ఒకటే, యంత్రం ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఇంట్లో పిల్లలతో మాట్లాడే మాటల్లో, అంటారామె.

ఇందులో నాకు నచ్చిన సంగతి ముందు చెప్తాను. యంత్రం పెడితే శబ్దం వస్తుంది తప్ప భాష రాదని ఒక సర్జన్ ఒప్పుకోవడం. మన దగ్గర ఆపరేషన్ కాగానే పేపర్లో ఫొటో వేసి మూగపాపకు మాటొచ్చిందని రాసేస్తారు. స్విచ్ ఆన్ చేసిన రోజు మా అమ్మాయి ఉలిక్కిపడి ఏడ్చింది, అంతే. 'వినికిడి వయసు' లెక్క ఆ రోజునుంచే మొదలవుతుంది. రెండేళ్ళు నిండబోతున్న పిల్ల వినికిడిలో ఆ పూటే పుట్టిన పసిగుడ్డు. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని మాకు ఆపరేషన్ ఖర్చు తప్పింది. ఆ తర్వాతి పని ఏ పథకంలోనూ లేదు. అది నాది.

పుస్తకం పేరులోని అంకె బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 1995లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. వాళ్ళు అమెరికాలో 42 కుటుంబాల ఇళ్ళకు నెలకో గంట చొప్పున రెండున్నరేళ్ళపాటు వెళ్ళి మాటలు రికార్డు చేశారు. పెద్ద ఉద్యోగస్తుల ఇళ్ళలో పిల్లలకు గంటకు 2,153 మాటలు వినబడితే, ప్రభుత్వ సాయం మీద బతికే ఇళ్ళలో 616. దాన్ని హెచ్చవేసుకుంటూ పోతే నాలుగేళ్ళకు మూడు కోట్ల తేడా. ఆ సాయం పొందే కుటుంబాలు ఎన్నో తెలుసా? ఆరు. ఆరు ఇళ్ళను చూసి ఒక దేశంలోని పేద తల్లులందరి నోళ్ళమీదా తీర్పు చెప్పినట్టయింది. 2018లో డగ్లస్ స్పెర్రీ, లిండా స్పెర్రీ, పెగ్గీ మిల్లర్ వేరే ఐదు సముదాయాల్ని చూశారు. తల్లి మాటలే కాకుండా ఇంట్లో మిగతావాళ్ళవి, పిల్లల చెవినపడే మాటలు కూడా లెక్కలోకి తీసుకుంటే అంత తేడా కనబడదని తేల్చారు. మా వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళ మధ్య తిరిగి పెరిగినదాన్ని, నాకిది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మాటలు మాకెవరూ పెట్టలేదు, మేమే ఏరుకున్నాం.

అయితే ఈ విమర్శ చదివి చంకలు గుద్దుకోబోయి ఆగిపోయాను. ఏరుకోవడమనేది వినబడే పిల్లల భాగ్యం. మా అమ్మాయికి మైకుకు దగ్గరగా, చేతికందే దూరంలో పలికితేనే మాట అందేది. పక్క గదిలో మాటలు, వీధిలో తగువులు, అత్తాకోడళ్ళ గొణుగుళ్ళు, ఇవేవీ దాని లెక్కలో లేవు. అంటే వాకిలంతా పంచుకునే పని ఒక్క మనిషి నోటిమీద పడింది. అందుకని పేదలమీద చూపుడువేలుగా ఆ అంకెను కాదంటాను గానీ, చెవిటి పిల్ల తల్లిగా దాని బరువును కాదనలేను.

ఆ బరువు ఎలా ఉంటుందంటే, ఉల్లిపాయ కోస్తూ 'ఇది ఉల్లిపాయ, అమ్మ ఉల్లిపాయ కోస్తోంది, అబ్బ, కళ్ళు మండుతున్నాయి' అనాలి. పొట్టు తీసి నోటుబుక్కులో అతికించి రాత్రి మళ్ళీ అదే చెప్పాలి. బస్సు టిక్కెట్టూ అందులోకే. వస్తువు చూపించకముందే పేరు వినిపించాలి, చూపించాక మళ్ళీ వినిపించాలి. రోజూ పొద్దున మెషిన్ పెట్టగానే వెనకనుంచి ఆ, ఈ, ఊ, మ్, స్, ష్ అని ఆరు శబ్దాలూ పలికి అన్నీ అందుతున్నాయో లేదో చూసుకోవాలి. మిక్సీ వేస్తే మాట మునిగిపోతుంది, అందుకని పచ్చడి పిల్ల నిద్రపోయాక రుబ్బాలి. ఫ్యాను ఆపాలి. టీవీ ఆపాలి. సీరియల్ వేళకు టీవీ ఆపమని అత్తగారికి చెప్పగల కోడలు ఉంటే నాకు చూపించండి.

సస్కిండ్ దీన్నంతా మూడు సూత్రాలుగా చెప్తారు: పిల్లల ధ్యాసలోకి వెళ్ళు, ఎక్కువ మాట్లాడు, వంతులువారీగా మాట్లాడు. సూత్రాలు మంచివే. ముఖ్యంగా మూడోది, ఎందుకంటే కుండపోతగా మాటలు కుమ్మరిస్తే పిల్ల నోరు తెరవదు. పుస్తకం పొడుగునా 'తల్లిదండ్రులు' అనే రాశారు. నా చెవికి మాత్రం 'తల్లి' అనే వినబడింది. వారానికి రెండుసార్లు కాజీపేటలో బండెక్కి సికింద్రాబాదులో దిగి మేం వెళ్ళిన కేంద్రంలో బెంచీల నిండా తల్లులే. ఇద్దరో ముగ్గురో అమ్మమ్మలు. ఒకాయన ఎప్పుడైనా వస్తే థెరపిస్టు లేచి నిలబడి మెచ్చుకునేది.

ఈ ఆనవాయితీ పాతదే. నటి లూయీ ట్రేసీ కొడుకు జాన్ 1924లో పుట్టాడు. పసివాడిగా ఉండగానే వాడికి వినబడదని తెలిసింది. వాడికి మాట నేర్పడంలోనే ఆమె రంగస్థల జీవితం ముగిసింది. 1942లో లాస్ ఏంజెలెస్‌లో అలాంటి తల్లిదండ్రుల కోసం క్లినిక్ పెట్టి, ఊరూరికీ పోస్టులో ఉచితంగా పాఠాలు పంపించింది. భర్త స్పెన్సర్ ట్రేసీ సినిమాల్లో ఎంత పేరు తెచ్చుకున్నాడో అందరికీ తెలుసు. క్లినిక్‌కు కొడుకు పేరు పెట్టారు. మాట నేర్పినామె పేరు లేదు.

ఇంత మాట్లాడమనేవాళ్ళు ఏ భాషలో అన్నది కూడా చెప్తారు. 'నాన్న ఆఫీసుకు పోయిండు' అని నేనంటే మా థెరపిస్టు నవ్వుతూనే దిద్దింది: 'వెళ్ళాడు' అనండి, రేపు స్కూల్లో ఇబ్బంది. మా అమ్మ నాతో మాట్లాడిన మాట నా కూతురి చెవిలో పడకూడదా? నా పక్కన కూచునే మానుకోట వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ తల్లి కష్టంతో పోలిస్తే నాదేపాటి? ఆమెకు ఇంట్లో తెలుగే మాట్లాడమన్నారు. తెలుగులో ఆమెకు వచ్చినవి బజారు మాటలు, బతిమాలుకునే మాటలు. లాలి లేదు, తిట్టు లేదు. అరువు భాషలో ఎన్ని మాటలు లెక్కపెట్టుకుంటే మాత్రం ఏం లాభం? ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు రెండు భాషలు అడ్డం కావని తర్వాత పరిశోధనలు వచ్చాయి. ఆమె అప్పటికే మాట్లాడటం తగ్గించేసింది. సస్కిండ్ పుస్తకం తల్లికి ఒక భాష ఉందనే అనుకుంటుంది, దాన్ని ఆమె నోట్లోంచి లాగేసుకునేవాళ్ళ గురించి అందులో లేదు.

వ్యాకరణం విషయంలో మా అమ్మాయి నన్ను ఒకసారి నిలదీసింది. 'నాన్న వచ్చాడు, బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది. నువ్వు బస్సా?' మామూలు పిల్లలకు ఈ ప్రత్యయాలు ఎప్పుడబ్బాయో తెలియకుండానే అబ్బుతాయి. ఒక్కో తోకనూ వందసార్లు విని నేర్చుకున్న పిల్ల గనక పట్టేసింది. నా దగ్గర జవాబు లేదు.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది సైగల సంగతి. చేతులు కదిపితే పిల్ల వినడం మానేస్తుందని మాకు నూరిపోశారు. 1880లో మిలాన్‌లో జరిగిన బధిరవిద్య మహాసభ బడుల్లో సంజ్ఞాభాష వద్దని తీర్మానించింది. 2010లో వాంకూవర్‌లో అదే పరంపర మహాసభ దానికి విచారం ప్రకటించింది. నేనేమో సరిగ్గా ఆ 2010 చివర, పద్నాలుగు నెలల పిల్లకు వినబడదని తెలిసిన కొత్తలో, చేతులు వెనక కట్టుకోవడం నేర్చుకుంటున్నాను. ఆరునెలల్లోపే లోపం కనిపెట్టి పని మొదలుపెడితే భాష బాగా వస్తుందని క్రిస్టీన్ యోషినాగా-ఇటానో బృందం 1998లోనే చూపించింది. ఆలస్యమైందన్న భయం ఉన్న తల్లి ఏ ఆంక్షకైనా తలొగ్గుతుంది. కానీ స్నానానికి మెషిన్ తీసేస్తాం కదా, నిద్రకు తీసేస్తాం కదా, అప్పుడేం చెయ్యాలి? తలుపు గడియపెట్టి దొంగతనంగా సైగలు చేసుకునేవాళ్ళం. నీళ్ళు వేడి, కళ్ళు మూసుకో, అయిపోయింది. ఆ భాష నేను ఏ నోటుబుక్కులోనూ రాయలేదు.

2022లో సస్కిండ్ రెండో పుస్తకం 'పేరెంట్ నేషన్' వచ్చింది. సెలవు, శిశుసంరక్షణ, బతకడానికి చాలినంత సంపాదన లేకుండా తల్లిదండ్రుల్ని మాట్లాడమనడం కుదరదని అందులో రాశారు. మొదటి పుస్తకానికి ముందే ఆమె జీవితంలోనూ చాలా జరిగింది. 2012లో ఆమె భర్త మిషిగన్ సరస్సులో కొట్టుకుపోతున్న పిల్లల్ని కాపాడబోయి చనిపోయారు. ముగ్గురు పిల్లలతో ఆమె మిగిలారు. మొదటి పుస్తకాన్ని తానే దిద్దుకున్న ఆ నిజాయితీకి నమస్కారం. అయినా మన లెక్కలు వేరేగా వేసుకోవాలి. ఇక్కడ 2017 సవరణ 26 వారాల ప్రసూతి సెలవిచ్చింది, అదీ ఉద్యోగాలున్నవాళ్ళకి. పిల్లకు వినబడదని తెలిసేసరికి ఆ సెలవు ఎప్పుడో అయిపోతుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచరు పని వదిలేశాను, ఆయన వదల్లేదు. వదలాలేమో అని ఇంట్లో ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. దేశాన్ని అడిగే ఆ పుస్తకం ఇంటిలోపలి ఈ పంపకాన్ని నాకు కావలసినంత గట్టిగా అడగలేదు.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తెలుగు బాగా మాట్లాడుతుంది, 'స' కొంచెం నలుగుతుంది. కిందటేడు హైదరాబాదులో బధిర స్నేహితులు దొరికాక భారతీయ సంజ్ఞాభాష నేర్చుకుంటోంది. మొన్న రాత్రి బ్యాటరీ అయిపోయింది. మెషిన్ తీసి బల్లమీద పెట్టి నా ఎదురుగా కూచుని ఏదో చెప్పింది, నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. అప్పటికీ కాలేదు. వస్తువు చూపించి, చెయ్యి కదిపి, మళ్ళీ వస్తువు చూపించింది. నేను తప్పు చేస్తే తల అడ్డంగా ఊపి నా వేళ్ళు పట్టుకుని సరిచేసింది. మూడోసారికి వచ్చింది నాకు, ఉల్లిపాయ.