వెనక్కి తిరగనక్కర్లేని గోడ

హజ్‌లో మక్కా దగ్గరి మీనాలో షైతాన్‌కు రాళ్లు వేసే చోట 2004 వరకు ఉన్నవి మూడు స్తంభాలు (జమరాలు), వాటి చుట్టూ తొట్లు. హాజీలు అన్ని వైపుల నుంచీ తోసుకొచ్చేవారు. ఏడు రాళ్లూ వేసి వెనక్కి తిరిగితే, వచ్చేవాళ్లు ఎదురు. ఆ ఏడాది తొక్కిసలాటలో 251 మంది పోయారు. ఆ తర్వాతే స్తంభాల చోట 26 మీటర్ల గోడలు లేచాయి, రెండు కొసలూ గుండ్రంగా. గోడ వెంబడి నడుస్తూనే రాళ్లు వేయవచ్చు, అటు నుంచి అటే వెళ్లిపోవచ్చు.

నాకు ముచ్చటేసేది ఇక్కడే. షరియత్ ప్రకారం రాయి స్తంభానికే తగలాలని లేదు, తొట్టిలో పడితే చాలు. ఇంజనీర్లకు ఆ వెసులుబాటు అక్కరకొచ్చింది. రాళ్లు ఏడే, చోట్లు మూడే, వరసా అదే.

గోడలొక్కటే చాలలేదు. 2006 జనవరి 12, మీనా వదిలే రోజు. మధ్యాహ్నం దాటగానే అందరూ ఒక్కసారే కదిలారు. రాళ్లు వేసే చోట ఉన్న పాత వంతెన తూర్పు మొగదల, కిందపడ్డ సామాను కాళ్లకు అడ్డంపడింది. 346 మంది చనిపోయారు. జనం కదలికలను పరిశోధించే డిర్క్ హెల్బింగ్ బృందం ఆ రోజు వీడియోలను కంప్యూటర్‌తో పరిశీలించి 2007లో వివరం ప్రచురించింది: సాఫీగా సాగిన నడక ముందు ఆగి ఆగి సాగింది, ఆ తర్వాత జనం అలల్లా ఊగారు, ఎవరి అడుగూ వారి చేతిలో లేదు. ఆ ఆగి ఆగి నడిచే దశను కెమెరాలో పసిగడితే చాలు, ప్రమాదాన్ని ముందే ఆపొచ్చు.

కొత్త వంతెన 950 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు, ఐదు అంతస్తులు. గంటకు మూడు లక్షల మంది పట్టేలా కట్టారు. గోడలు అంతస్తులన్నిటినీ చీల్చుకుని పైకి లేస్తాయి. ఎక్కడ నిలబడ్డా అదే జమరా. వచ్చినదానికి పోయే దారి ఉండాలన్న ఈ లెక్క కంభం చెరువు చూసినవాళ్లకు తెలియనిది కాదు. కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసినవాళ్లు మిగులు నీటికి అలుగు కూడా వదిలారు.

రద్దీ తప్పించాలన్న ఆలోచన యంత్రాలతో పుట్టింది కాదు. బలహీనులను ప్రవక్త, మీనాకు ముందు మజిలీ అయిన ముజ్దలిఫా నుంచి రాత్రే ముందుగా పంపారని హదీసుల్లో ఉంది. రాళ్లు వేసే వేళను సడలిస్తూ పండితులు ఫత్వాలు ఇచ్చారు కూడా. ఫత్వా లేని కాంక్రీటుతో ఇంత పని జరిగేది కాదనే నా నమ్మకం.

2015 హజ్ తొక్కిసలాట ఘోరం వంతెన మీద జరగలేదు. అక్కడికి పోయే దారిలో, 204, 223 వీధులు కలిసే చోట రెండు గుంపులు ఎదురుపడ్డాయి. ఏ గుంపు ఏ దారిన ఏ వేళకు కదలాలో ముందే నిర్ణయించేది అందుకే. కంభం నుంచి వెళ్లే పెద్దలారా, మీకిచ్చిన వేళకు ముందు డేరా కదలకండి, సామాను వెంట తీసుకెళ్లకండి.