ప్రశ్నపదములు - మాతృభాషా ప్రభావము : ఒక విమర్శ

పరభాష నేర్చుకొనువారు తప్పు చేసినప్పుడు మనము సాధారణముగా చెప్పు కారణ మొక్కటే: అది మాతృభాషా ప్రభావము. ఈ అభిప్రాయమునకు శాస్త్రరూపము నిచ్చినవారిలో ముఖ్యుడు అమెరికా భాషాశాస్త్రవేత్త రాబర్ట్ లాడో. ఆయన 1957లో ప్రకటించిన 'లింగ్విస్టిక్స్ అక్రాస్ కల్చర్స్' అను గ్రంథములోని మూలసూత్ర మిది: క్రొత్త భాషలో మాతృభాషను పోలిన అంశములు సులభము, భిన్నమైనవి కష్టము. కనుక రెండు భాషలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చినచో విద్యార్థి ఎక్కడ తడబడునో ముందుగానే చెప్పవచ్చును.

సూత్రము చక్కగానే యున్నది. కాని శాస్త్రములో చక్కదనము చాలదు. సూత్రము ముందుగా చెప్పినది నిజముగా జరుగుచున్నదా అని పరీక్షింపవలెను. ఆ పరీక్షకు మంచి అవకాశ మిచ్చునది, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు చీనా భాషలోని ప్రశ్నపదములను నేర్చుకొను తీరు.

మొదట రెండు భాషలకు గల భేదమును చూతము. చీనా భాషలో 'నీ యావ్ మాయ్ షూ' అనగా 'నీవు పుస్తకము కొనగోరుచున్నావు' అని అర్థము. ఇందులో 'షూ' అనగా పుస్తకము. దాని స్థానములో 'షెన్మ' అనగా 'ఏమి' అను పదము నుంచినచో 'నీ యావ్ మాయ్ షెన్మ?' అను ప్రశ్న యగును. మరి యే మాటయు కదలదు. తెలుగులోను ఇంతే గదా: 'నీవు పుస్తకము కొందువు', 'నీవు ఏమి కొందువు?' ఇంగ్లీషులో అట్లు గాదు. 'వాట్' అను పదమును వాక్యము మొదటికి తేవలెను. అటుపై 'డూ' వంటి సహాయక క్రియను కర్తకు ముందు నిలుపవలెను. అప్పుడే 'వాట్ డూ యూ వాంట్ టు బై?' అను వాక్య మేర్పడును.

భేదము ఇంత స్పష్టము కనుక, లాడో సూత్రము ప్రకారము ఇంగ్లీషువారు 'షెన్మ'ను వాక్యాదికి లాగుచు చాలకాలము తప్పు చేయవలెను. కాని జరుగుచున్నది వేరు. ఈ విషయమున బోపింగ్ యువాన్ అను పరిశోధకుడు 2007లో ఒక వ్యాసము ప్రకటించెను. ఇంగ్లీషువారి చీనా ప్రశ్నవాక్యములలో అస్థిరత కొన్నిచోట్ల లేనేలేదనియు, కొన్నిచోట్ల తాత్కాలికమనియు, కొన్నిచోట్ల చిరకాలము నిలుచుననియు ఆయన తేల్చెను. ప్రశ్నపదమును దాని చోటనే ఉంచుట వారికి తొలిదశలోనే పట్టుబడుచున్నది.

కారణ మూహించుట కష్టము కాదు. వినబడు ప్రతి చీనా ప్రశ్నయు ఆ నియమమునకు సాక్ష్యమే. అదియు గాక, విన్నమాట నమ్మలేక మరల అడుగునప్పుడు ఇంగ్లీషువారును 'యూ బాట్ వాట్?' అందురు. అనగా ఆ క్రమము వారి భాషలో ఒక మూల నున్నదే.

అసలు చిక్కు కంటికి కనబడని చోట నున్నది. పై ప్రశ్నకు చివర 'మా' అను పదము చేర్చినచో, 'నీ యావ్ మాయ్ షెన్మ మా?' అనగా 'నీవు ఏమైనా కొనగోరుచున్నావా?' అని అర్థము. 'షెన్మ' మారలేదు, అర్థము మారినది. తెలుగులో ఈ మార్పు పదములోనే కనబడును: ఏమి, ఏమో, ఏమైనా, ఏమియు. ఇంగ్లీషులో 'సమ్‌థింగ్', 'ఎనీథింగ్' అను వేరు మాట లున్నవి. చీనా భాషలో ప్రక్కనున్న పదమును బట్టియే గ్రహింపవలెను. 'షెయ్' అనగా 'ఎవరు'. కాని 'షెయ్ దోవ్ లాయ్ ల' అనగా 'అందరు వచ్చిరి' అని అర్థము. ఇట్టి ప్రయోగములను ఇంగ్లీషువారును జపానువారును ఎట్లు గ్రహింతురో యువాన్ 2010లో మరొక వ్యాసమున పరిశీలించెను. కష్ట మంతటను ఒకే రీతిగా లేదనియు, ఆ అర్థమును కల్పించు తోడు పదమును బట్టి మారుననియు చూపెను. ఇంత సూక్ష్మభేదము లాడో కొలబద్దకు అందదు.

ఇట్టి పరిశోధనలకును పరిమితి కలదు. వాక్యము చూపి, ఇది సమ్మతమా కాదా అని అడుగు పరీక్ష విద్యార్థి తీర్పును కొలుచును. అంగడిలో వాని నోట వచ్చు మాటను కొలువదు. లాడోకును న్యాయము చేయవలెను. పోలికవలన తేలిన కష్టముల పట్టిక ఊహ మాత్రమే యనియు, విద్యార్థుల వాస్తవభాషణముతో సరిచూచు వరకు దానిని నిర్ధారణగా కొనరాదనియు ఆయనయే హెచ్చరించెను. సూత్రమును స్వీకరించి హెచ్చరికను విడిచినవారిదే దోషము.

ఈ దోషము మన తరగతిగదిలోను కలదు. తెలుగు విద్యార్థి 'వాట్' అను మాటను వాక్యము మొదట నుంచుట త్వరలోనే నేర్చును. కాని 'వాట్ యూ ఆర్ డూయింగ్?' అనుట ఏండ్ల తరబడి మానడు. రెండును తెలుగునకు భిన్నమైన నియమములే. ఒకటి సులభమైనది, రెండవది కాలేదు. ఇది తెలుగు చేసిన తప్పే యందుమా? 1966లో ఎడ్వర్డ్ క్లైమా, అర్సులా బెలూజీ ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఇంగ్లీషే మాతృభాషగా గల పసిపిల్లలును ఒక దశలో ప్రశ్నపదమును ముందుంచి, సహాయక క్రియను కర్తకు వెనుకనే వదలుదురు. వారి కే తెలుగు అడ్డు వచ్చినది?

కనుక ఎర్రసిరాతో గీత గీయుటకు ముందు ఉపాధ్యాయుడు మూడు విషయములు విచారింపవలెను. ఈ నియమమునకు సాక్ష్యము విద్యార్థి చెవిని తరచుగా పడుచున్నదా? ఒకే పదము రెండర్థములు మోయుచున్నదా? ఈ తప్పు ఇతర మాతృభాషలవారును చేయుచున్నారా? ఈ మూటికి జవాబు తెలియకమునుపే నింద మాతృభాషపై మోపినచో, విద్యార్థికి తన తప్పు తెలియదు, తన భాషపై చులకనభావము మాత్రము మిగులును.