తెరపై చిత్తూరు మాట – సమీక్షలో 'చిత్తూరు యాస'

ఇటీవలి తెలుగు చలనచిత్ర సమీక్షల్లో 'చిత్తూరు యాస' అన్న పదబంధం విరివిగా కనిపిస్తున్నది. 'పుష్ప: ది రైజ్' (2021) విడుదల తరువాత అది దాదాపు ఒక ప్రశంసావాక్యంగా స్థిరపడింది. నటుడు యాసను చక్కగా పలికాడని ఒక వాక్యం రాయడంతో సమీక్షకుని బాధ్యత తీరిపోతున్నది. ఆ మాట ఏ తావుది, పాత్రకు అది చేసిపెట్టిన పని ఏమిటి అన్న ప్రశ్నలు చర్చకు రావడం లేదు.

సీమ భాషకు తెర మీద దక్కిన స్థానాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. 'ప్రేమించుకుందాం రా' (1997)లో జయప్రకాశ్ రెడ్డి నోట వినిపించిన సీమ మాట ప్రతినాయకుని చిహ్నం. ఆ వరుసలో వచ్చిన 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) చిత్రాలలో కథాస్థలం సీమది. కథానాయకుని సంభాషణ మాత్రం ప్రధానంగా కోస్తా శిష్టభాష. సుకుమార్ ఈ అమరికను తలకిందులు చేశాడు. ఇది చిన్న మార్పు కాదు. తండ్రి ఇంటిపేరు నిరాకరింపబడిన కూలివాడు పుష్పరాజు. తనదని చెప్పుకోవడానికి అతనికి మిగిలింది తల్లి, తల్లి నేర్పిన మాట. పైగా చిత్రంలో మనం చూసే శేషాచలం అడవిలో చాలా భాగం మారేడుమిల్లి మన్యంలో చిత్రీకరించినదే. అంటే కంటికి చిత్తూరు అందదు, చెవికే అందాలి. సంభాషణ మోసిన ఈ బరువును సమీక్షలు గుర్తించినట్లు లేదు. మదనపల్లెలో ఈ చిత్రం చూసినప్పుడు ఈలలన్నీ పోరాట ఘట్టాలకే పడ్డాయి. తల్లి మాట్లాడే చోట మాత్రం నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ మాటలను తనలో తాను మళ్లీ అనుకోవడం విన్నాను.

అదే సంవత్సరం మే నెలలో వచ్చిన 'సినిమా బండి'ని దీని పక్కన పెట్టి చూడాలి. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల. నిర్మాతలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. ఇద్దరూ ఉమ్మడి చిత్తూరు జిల్లావారే. ఆంధ్ర–కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే వీరబాబుకు ఎవరో మరచిపోయిన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణపతి తోడుగా, ఊరివాళ్లే నటులుగా సినిమా తీయబూనుతాడు. పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారికి ఈ చిత్రంలోని పలుకుబడి 'పుష్ప' కంటే దగ్గరగా తోస్తుంది. అయితే నేను చదివిన సమీక్షల్లో ఈ భాషకు దక్కిన విశేషణాలు 'అమాయకం', 'స్వచ్ఛం'. గొడ్డలి పట్టినవాడు పలికితే పౌరుషమైన పలుకు, ఆటో నడిపేవాడు పలికితే అమాయకత్వమవుతున్నది. వీరబాబు అమాయకుడని నాకు తోచదు. సినిమా వల్ల తన ఊరికి మేలు జరుగుతుందని లెక్క వేసుకున్న మనిషి అతడు. ఆ లెక్క తప్పు కావచ్చు, అది వేరే సంగతి. నవ్వు అతని పరిస్థితిలో ఉంది. సమీక్షకుడు దానిని అతని ఉచ్చారణలో వెతుకుతున్నాడు.

ఈ దోషం సమీక్షకులది మాత్రమే అనడం న్యాయం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం ఆధారంగా గుర్తించిన నాలుగు మాండలిక మండలాలలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలు కలిసి దక్షిణ మండలంలోకి వస్తాయి. వృత్తిపదాల వ్యాప్తిని నిర్ణయించడానికి ఆ విభజన చాలు. ఒక పాత్ర నోటి మాటను తూచడానికి చాలదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడి 'మిట్టూరోడి కతలు' చదివినవారికి తిరుపతి చుట్టుపట్ల పల్లెల వచనం పరిచితమే. దానినే జిల్లా అంతటికీ కొలబద్దగా చేస్తే పడమటి తావులు మళ్లీ మరుగున పడతాయి. మదనపల్లె అనంతపురం వైపు చూస్తుంది, పుంగనూరు ముళబాగిలు వైపు. కుప్పానికి ఒక పక్క తమిళం, మరొక పక్క కన్నడం. 'ఉన్నాడు' అనవలసిన చోట 'ఉండాడు' అనడం వీరందరికీ ఉమ్మడి కావచ్చు. వాక్యాన్ని ఎత్తుకునే తీరు, సాగదీసే అచ్చు, పిలుపులోని చనువు ఉమ్మడి కావు. 'ఉండాడు' వినగానే సమీక్షకుడు తృప్తి పడుతున్నాడు, రచయిత కూడా అంతటితో ఆగుతున్నాడు.

'పుష్ప 2' (2024)లో ఈ తృప్తి ఫలితం కనిపిస్తుంది. మొదటి భాగంలో కూలి మాటగా మొదలైన భాష ఇందులో ఎక్కువగా చరణాంతపు విరుపుగా, చప్పట్ల కోసం ఆగే చోటుగా మిగిలింది. నాయకుడు ఎదిగాడు కాబట్టి మాట మారిందని సమర్థించవచ్చు. కాని మారిన ఆనవాలు సంభాషణలో లేదు, బిగుసుకుపోయిన ఆనవాలే ఉంది. పుంగనూరులో బస్సెక్కి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేలోగా నా చెవికి తెలుగు రెండుసార్లయినా మారి వినిపిస్తుంది.