గళ్ళలో ఒదిగిన విద్య

"ఆండాళ్ళు చెంత పంట పండితే దక్షిణ గంగ (4)."

పెన్సిలు పట్టుకున్నవాడు ఈ ఆధారం చదవగానే ముందు తిరుప్పావై వైపు పరుగెత్తుతాడు. తర్వాత శ్రీవిల్లిపుత్తూరు గుర్తొస్తుంది. మొదటిది నాలుగు గళ్ళలో పడుతుంది గానీ దక్షిణ గంగకి పొసగదు, రెండోది గళ్ళలోనే పట్టదు. కాసేపటికి ఆండాళ్ళకి ఇంకో పేరుందని స్ఫురిస్తుంది: గోదా. పంట వరి. రెండూ పక్కపక్కన పెడితే గోదావరి! నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి మన డెల్టాను వరిపొలాలతో నింపి సముద్రంలో కలిసే నదిని ఆరు మాటల్లో, అదీ ఆండాళ్ళు చేతుల మీదుగా మనకి అందించిన కూర్పరి బుర్రకి దండం పెట్టాలా వద్దా?

గళ్ళ నుడికట్టు అనండి, పదబంధ ప్రహేళిక అనండి, పదకేళి అనండి, మామూలుగా క్రాస్‌వర్డ్ పజిల్ అనేయండి. పేరేదైనా ఇది కాలక్షేపం బఠాణీ కాదని, అసలు సిసలు విద్య అని నా వాదన. పూరించేవాళ్ళ గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. కూర్చేవాళ్ళ గురించి రాసేవాళ్ళేరీ?

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం అనుబంధంలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో కొన్ని గళ్ళు గీసి అచ్చేశాడు. ప్రపంచానికంతటికీ అదే మొదటి క్రాస్‌వర్డ్ అంటారు. గళ్ళు ఆయనవి కావచ్చు గానీ ఆ సరదా మనకి కొత్తది కాదు. దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలకు లక్షణాలు చెప్పాడు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో ప్రహేళికా ఉంది, సమస్యా పూరణమూ ఉంది. ఇక మన కాలానికి వస్తే శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చాడు, ఆయనకు మేనల్లుడి వరసైన ఆరుద్ర గళ్ళ నుడికట్టు కూర్చాడు. మహాప్రస్థానం రాసిన చెయ్యి, సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన చెయ్యి ఈ గళ్ళని ముట్టుకోవడానికి నామోషీ పడలేదు. ఇదంతా పిల్లకాయల ఆటేనని పెదవి విరిచేవాళ్ళు ఆ ఇద్దరికీ ముందు జవాబు చెప్పుకోవాలి.

ఇంగ్లీషు కూర్పరికి ఉన్నవి ఇరవై ఆరు అక్షరాలు. తెలుగు కూర్పరికి ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. స్త్రీ ఒక గడి, ర్జు ఒక గడి, ణం ఒక గడి. హల్లులు, వాటి గుణింతాలు, ఆ పైన ఒత్తులు, సున్నాలు లెక్క కడితే వేలల్లోకి పోతుంది. అడ్డం పదం, నిలువు పదం కలిసే చోట హల్లు ఒక్కటే కలిస్తే సరిపోదు, గుణింతమూ కలవాలి, ఒత్తూ కలవాలి. కి దగ్గర కీ ఒదగదు. అందుకే తెలుగులో చిక్కగా అల్లిన గడి కనిపిస్తే నేను ముందు కూర్పరి పేరు వెతుకుతాను. దీనికి తగ్గ ప్రతిఫలం కూడా ఉంది. ఇంగ్లీషులో 'ఇ' దొరికిందంటే దొరికిందేమీ లేదు. తెలుగులో మూడో గడిలో ర్జు పడిందంటే నాగార్జునుడో ఆయన చుట్టాలో ఆ దరిదాపుల్లో తిరుగుతున్నట్టే. ఒక్క అక్షరానికి ఇంత బలమున్న భాషలో గడి నింపడం వేరే లోకం.

నాకు ఈ పిచ్చి అంటించినవారు మా ఊరి తెలుగు మాస్టారు ఒకరు. లెక్కల పుస్తకాల గళ్ళ కాగితం మీద పెన్సిలుతో కూర్చేవారు. ఆయన పక్కన కూచుని శంకరాభరణానికి చోటు వెతకడం చూశాను. శం, క, రా, భ, ర, ణం: ఆరు గళ్ళు. రెండు, నాలుగు, ఆరో గళ్ళ దగ్గర నిలువు పదాలు రావాలి. మొదట పై వరసలో పెట్టారు. క నుంచి కిందికి ఏదైనా దిగుతుంది. భ నుంచి భద్రాచలం దిగుతుంది. ణం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ణంతో మొదలయ్యే మాట తెలుగులో ఎక్కడుంది?

"పైన పెడితే మొదలు కావాలిరా, కింద పెడితే చివర కావాలి. మన భాషలో చివరలకి కరువేమిటి?" అన్నారు మాస్టారు.

పదాన్ని అట్టడుగు వరసలోకి దించేశారు. క మీద పలక నిలబడింది, భ మీద ప్రతిభ, ణం మీద తోరణం. చూస్తుండగానే ఓ మూల మొత్తం నిండిపోయింది. ఒక గడి పక్కకి జరిగి రా మీద నిలువు తీస్తే సహారా ఎడారి కూడా వచ్చి కూచునేది. ఆ తర్వాత ఆధారం రాశారు: "శివుడి నగ, పాడితే రాగం, ఆడితే సినిమా (6)." శంకరుడి ఆభరణం పాము. పాడితే మేళకర్తల్లో ఇరవై తొమ్మిదోది. ఆడితే విశ్వనాథ్ గారి సినిమా, 1980లో విడుదలై ఊరూవాడా ఊగిపోయినది. సంధి కలిసిన చోట దారాలు కనిపించకుండా ఈ మూడూ ఒకే మాటలో ఉన్నాయని చూపించారాయన.

అన్నట్టు, ఆ పలకకి ఆయన ఇచ్చిన ఆధారం నాకు ఇప్పటికీ నచ్చుతుంది: "కలప తిరగేస్తే అక్షరాలు దిద్దుకోవచ్చు (3)." క-ల-ప వెనకనుంచి చదవండి. మా చిన్నప్పటి పలకలకి చుట్టూ కలప చట్రమే ఉండేది కదా!

మంచి ఆధారానికి పైకి ఒక కథ ఉంటుంది, లోపల ఒక లెక్క ఉంటుంది. రెండూ నిజమవ్వాలి. నా దృష్టిలో దీనికి కొల్లేరుని మించిన ఉదాహరణ లేదు. "దోపిడీకి నది కలిస్తే సరస్సు (3)." లోపలి లెక్క: కొల్ల అంటే దోపిడీ, ఏరు అంటే నది, సంధి కలిపితే కొల్లేరు. పైకి కనిపించే కథ: కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సుని చేపల చెరువుల కోసం గట్లు పోసి ఎలా పంచుకుతిన్నారో, 2006లో ప్రభుత్వమే దిగి ఆ గట్లు ఎలా కొట్టించాల్సి వచ్చిందో తెలిసినవాడికి ఆ నాలుగు మాటలు చురుక్కుమంటాయి. పదంలో ఉన్న నిజాన్నే ఆధారంగా మార్చడం ఇది. శ్రీకాళహస్తి కూడా అంతే. "సాలీడు, పాము, ఏనుగు వరసగా నిలబడితే వాయులింగం (5)." స్థలపురాణమే ఆధారం, కూర్పరి చెయ్యాల్సింది దాన్ని చెడగొట్టకుండా ఉండడమే.

ఆటల నుంచి ఒకటి. "గుడి చెరువు పక్కన విజయనగర శిథిలాలు: ఎత్తు వేస్తే ఎదుటివాడు చిత్తు (3,2)." కోనేరు హంపి! 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, అంత చిన్న వయసులో ఆ హోదా అందుకున్న మహిళగా యూదిత్ పోల్గార్ రికార్డుని దాటేసిన మన గుడివాడ అమ్మాయి. 2019లో ఒకసారి, 2024లో మళ్ళీ ప్రపంచ ర్యాపిడ్ చెస్ కిరీటం తెచ్చింది. ఇంటిపేరులో కోనేరు, పేరులో హంపి ఉన్నాయని ఎన్నేళ్ళుగా చూస్తున్నాం, ఎవరికైనా తట్టిందా? కూర్పరికి తడుతుంది.

ఈ విద్యకి ఇంగ్లండులో పీఠాలున్నాయి, పీఠాధిపతులున్నారు. అబ్జర్వర్ పత్రికలో 1926 నుంచి టార్క్విమాడా పేరుతో కూర్చిన పొవిస్ మేథర్స్, ఆయన తర్వాత 1939లో పీఠమెక్కిన జిమెనీజ్. రెండూ స్పెయిన్ మతవిచారణ అధికారుల పేర్లే, పాఠకుల్ని హింసించడానికే పుట్టామని చెప్పుకోవడం అన్నమాట. టార్క్విమాడా 1934లో ఒక నేరకథ రాసి, దాని వంద పేజీలూ వరస తప్పించి అచ్చేసి, సరైన వరస కనుక్కోండి చూద్దాం అన్నాడు. జిమెనీజ్ మాత్రం చట్టం రాశాడు: ఆధారంలో ఒక నిర్వచనం, జవాబుకి న్యాయంగా తీసుకెళ్ళే ఒక దారి, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. నేను జిమెనీజ్ పార్టీ. ఆ చట్టాన్ని సరదాగా అతిక్రమించిన గార్డియన్ పత్రిక కూర్పరి అరౌకేరియా అంటే చెవి కోసుకునేవాళ్ళు బోలెడుమంది. కూర్పులో న్యాయం తప్పితే చమత్కారం ఎంతున్నా నేనొప్పుకోను.

అయినా అరౌకేరియాకి లేచి నిలబడి నమస్కారం పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. ఆయన అసలు పేరు జాన్ గ్రాహం, చర్చిలో ఫాదరు. తొంభై దాటాక క్యాన్సర్ వచ్చింది. ఆ సంగతి పాఠకులకి ఉత్తరంలో చెప్పలేదు. 2013 జనవరిలో ఒక గడి కూర్చి, జబ్బు పేరు, అది వచ్చిన చోటు, జరుగుతున్న వైద్యం అన్నీ అందులో జవాబులుగా పెట్టాడు. పూరించినవాళ్ళకి తమ చేత్తోనే తెలిసింది. ఆ ఏడాది నవంబరులో పోయాడు. ఇంత నిబ్బరంగా రాసిన పద్యాలు ఎన్నున్నాయి?

కూర్పు నైపుణ్యంలో పరాకాష్ఠ మాత్రం న్యూయార్క్ టైమ్స్‌లో 1996 నవంబరు 5న వచ్చిన గడి అంటాను. అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజు. మధ్య వరసలో రేపటి పత్రిక పతాక శీర్షిక ఏమిటని ఆధారం, గెలిచినవాడి పేరుకి ఏడు గళ్ళు. ఇంగ్లీషులో క్లింటన్ ఏడు అక్షరాలు, బాబ్ డోల్ కూడా ఏడే! చాలామంది క్లింటన్ అని నింపి, పత్రిక ముందే ఫలితం తేల్చేసిందని ఫోన్లు చేసి తిట్టారు. తిట్టినవాళ్ళకి తెలియనిదేమిటంటే ఏడు నిలువు ఆధారాలకీ రెండేసి జవాబులున్నాయి. హాలోవీన్ పండగకి కనిపించే నల్లటి జంతువంటే పిల్లి కావచ్చు, గబ్బిలమూ కావచ్చు. ఇంగ్లీషులో 'క్యాట్', 'బ్యాట్'. సి అయితే క్లింటన్, బి అయితే బాబ్ డోల్. ఎవరు గెలిచినా గడి తప్పు కాదు. కూర్చినాయన జెరెమయా ఫారెల్, లెక్కల ప్రొఫెసరు. ఏడు కూడళ్ళలోనూ అలా చెయ్యడమంటే మాటలు కాదు.

ఇక మన పత్రికల్లో ఇప్పుడు వస్తున్నవాటి సంగతి. "తెలంగాణలోని ఒక గుడి (3)." "ఒక నటి (2)." "ఆఫ్రికాలో ఒక ఊరు (4)." ఇదట జనరల్ నాలెడ్జి! గుడికి ఎన్ని గుళ్ళు లేవు? రామప్పే రావాలనుకుంటే "చెక్కినవాడి పేరే గుడి పేరు, ఇటుక నీళ్ళ మీద తేలుతుంది (3)" అని రాస్తే ఏం పోయింది? తెలియనివాడికి తెలుస్తుంది, తెలిసినవాడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన నాటి సంబరం గుర్తొస్తుంది. పైగా ఆ నటినీ ఆ ఊరినీ ఒకే గడి దగ్గర కలుపుతారు. రెండూ తెలియనివాడు ఆ గడిలో ఏం పెట్టాలి? పెద్ద కూర్పరి ఎవరూ పేరుని పేరుతో ముడివెయ్యడు. తెలియని సంగతి పక్కన తెలిసిన మాట పెడతాడు, దాన్ని పట్టుకుని జవాబు దాకా నడిచిపోవచ్చు. జ్ఞానం నేర్పే పద్ధతి అది. తెలియదని అవమానించడం పద్ధతి కాదు.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఇది: "వెనుదిరిగిన కోకిల (3)." జవాబుగా గడిలో లకికో అని రాయాలట! లకికో అంటే ఏమిటండీ? ఏ నిఘంటువులో ఉంది? "తడబడిన రాముడు" అంటే గళ్ళలో డురాము. అల్లిక కుదరక, కుదిరే దాకా కూచునే ఓపిక లేక, మాటని విరిచి గళ్ళలో కుక్కి, దానికి చమత్కారమని పేరు పెడతారు. కలప తిరగేస్తే పలక రావాలి. తిరగేసినా మాటే రావడమే కదా విద్య! తెలుగులో నిలువుగా ఒక దిక్కుమాలిన డురాము నిలబడి ఉండగా, పిల్లలకి భాష నేర్పుతున్నామని పక్కనే ప్రకటన.

పొల్లు గొడవ సరేసరి. క్రికెట్‌లో ట్‌కి వేరే గడి ఇస్తారో, కె గడిలోనే ఇరికిస్తారో ఒకే నుడికట్టులో కూడా ఒకే నియమం ఉండదు. అడ్డంలో ఒక లెక్క, నిలువులో ఒక లెక్క. ఇప్పుడు కంప్యూటరు నింపిన గళ్ళు కూడా వస్తున్నాయి. దానికి మాటల జాబితా తెలుసు, మాట రుచి తెలియదు. గోదా పక్కన వరి పండుతుందని దానికెవరు చెప్పారు?

మా మాస్టారు ఏళ్ళ తరబడి ఒక పత్రికకి కూర్చి పంపారు. పేరు వెయ్యలేదు. ఇచ్చిన పారితోషికం తపాలా ఖర్చుకి సరిపోయేది. చివరికి ఓ రోజు ఆధారాలు "కష్టంగా" ఉంటున్నాయని ఆపేశారు. ఆ స్థానంలో వచ్చిన గడిలో మొదటివారమే ఒక జవాబు రెండుసార్లు పడింది. ఎవరూ అడగలేదు, పాఠకులు అప్పటికే పక్క పేజీకి పోయారు.

సంపాదకులకి నా విన్నపం ఒక్కటే. కార్టూను కింద కార్టూనిస్టు సంతకం వేస్తున్నారు, కథకి రచయిత పేరు వేస్తున్నారు. గడికీ కూర్పరి పేరు వెయ్యండి. పేరు పడితే లకికో అని పెట్టడానికి చెయ్యి వణుకుతుంది. అచ్చుకి పంపే ముందు ఆఫీసులో ఇంకొకరి చేత పూరింపజెయ్యండి, ఎక్కడ న్యాయం తప్పిందో అరగంటలో తేలిపోతుంది. పాత పత్రికల్లో పడి ఉన్న గళ్ళ నుడికట్లని, పదబంధ ప్రహేళికల్ని ఏరి పుస్తకాలుగా తెండి. జవాబులతో పాటు ఏ జవాబు ఎలా వచ్చిందో వివరణ కూడా వెయ్యండి, కొత్త కూర్పరులకి అదే పాఠ్యపుస్తకం అవుతుంది. రాశిఫలాలకి వారం వారం అరపేజీ ఇస్తున్నారు. అందులో సగం ఈ విద్యకివ్వండి చాలు.